రంగూన్ నుంచి విశాఖకు ఓడలో: 1942 నాటి నా అనుభవం

1941 డిసెంబరులో రంగూన్ మీద జపాను విమానాలు బాంబులు వేసినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆ తరవాత కొద్ది నెలల్లో బర్మా నుంచి లక్షల మంది భారతీయులు ప్రాణాలు అరచేత పట్టుకుని బయటపడ్డారు. వాళ్లలో ఎక్కువమంది కొండదారుల్లో నడిచి వచ్చారు. మా అమ్మతో, తమ్ముడితో నేను ఓడలో విశాఖపట్నం చేరాను. నడిచి వచ్చినవాళ్ల కష్టాల గురించి కొంతైనా రాశారు గాని, ఓడలో వచ్చినవాళ్లది సుఖమైన ప్రయాణమని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. ఆ టికెట్టు ఎలా దొరికిందో, దానికోసం ఎన్నాళ్లు పడిగాపులు పడ్డామో, ఎవరిని రేవులో వదిలి వచ్చామో తెలిసినవాళ్లు ఇప్పుడు ఎక్కువమంది లేరు. అందుకే జరిగింది జరిగినట్టు వరసగా రాస్తున్నాను. నేను కళ్లారా చూసిన వాటిని, పెద్దవాళ్ల నోట తరవాత విన్న వాటిని కలిపేయకుండా చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మా నాన్న రంగూన్ రేవులో ఓడల్లోకి ఎక్కే సరుకును లెక్క రాసుకునే గుమాస్తా. ఆయన తమ్ముడు, మా చిన్నాన్న, అదే రేవులో బియ్యం బస్తాలు మోసేవాడు. అన్నదమ్ములిద్దరూ కళింగపట్నం దగ్గరి ఊరి నుంచి రంగం (రంగూన్‌ను మావాళ్లు అలాగే అనేవాళ్లు) వచ్చినవాళ్లే. నాన్నకు నాలుగు అక్షరాలు వచ్చు కాబట్టి చేతికి కలం వచ్చింది, చిన్నాన్నకు రాకపోవడంతో భుజం మీదికి బస్తా వచ్చింది. ఆ తేడా ఎంత దూరం వెళ్తుందో ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. స్ట్రాండ్ రోడ్డుకు వెనక, బొటటాంగ్ వైపున్న ఒక సందులో, మేడ మీది రెండు గదుల్లో అందరం కలిసే ఉండేవాళ్లం. అప్పటి రంగూన్ జనాభాలో సగానికి పైగా భారతీయులే. రేవు కూలీలలోనైతే తెలుగువాళ్లే ఎక్కువ కాబట్టి మా సందులో తెలుగు తప్ప వేరే మాట వినపడేది కాదు.

డిసెంబరు 23, మంగళవారం పొద్దున సైరన్ మోగింది. అంతకు ముందు ఉత్తుత్తి సైరన్లు చాలాసార్లు మోగి ఉండడంతో ఎవరూ భయపడలేదు. వీధిలోకి వచ్చి తలెత్తి చూశాం. చాలా ఎత్తున, ఎండలో తళతళలాడుతూ, చెరువులో చేపపిల్లల గుంపు కదిలినట్టు విమానాలు వరసగా వస్తున్నాయి. మా కింది ఇంటి బర్మా ఆవిడ, చెంపలకు థనకా అనే చెట్టు బెరడు గంధం పూసుకుని, చంటిపిల్లను చంకనెత్తుకుని, వాటిని వేలితో లెక్కపెట్టడం నాకు గుర్తుంది. అమ్మ మమ్మల్ని రెక్క పట్టుకుని మెట్ల కిందికి లాక్కెళ్లింది. ఆ రోజు చనిపోయినవాళ్లలో చాలామంది అలా వీధుల్లో నిలబడి చూస్తున్నవాళ్లేనని తరవాత తెలిసింది. వెయ్యిమందికి పైగా పోయారు. కింది ఇంటి ఆవిడా, ఆమె బిడ్డా బతికారు గాని సందు చివర మంచినీళ్ల కుళాయి దగ్గరున్నవాళ్లెవరూ మిగల్లేదు. అక్కడ మా తమ్ముడితో గోళీలాడే పిల్లలు ఉన్నారు. మమ్మల్ని అటు చూడనివ్వకుండా చిన్నాన్న తన తుండుగుడ్డతో మా ఇద్దరి ముఖాలూ కప్పి తీసుకెళ్లాడు.

ఒక్క రోజు ఆగి, క్రిస్మస్ నాడు మళ్లీ వేశారు. ఆ రెండు దాడులతో ఊరు సగం ఖాళీ అయింది. రేవు కూలీలు, పాకీ పనివాళ్లు, బండ్లవాళ్లు కాలినడకన ఉత్తరాన ఉన్న ప్రోమ్ పట్టణం దారి పట్టారు. చెత్త ఎత్తేవాళ్లు లేక, కుళాయిల్లో నీళ్లు సరిగా రాక ఊరంతా కంపు కొట్టింది. కూలీలు లేకపోతే రేవులో సైన్యం సరుకు దిగదు కాబట్టి, దారిలో ఉన్నవాళ్లకు నచ్చజెప్పి కొందరిని వెనక్కి తీసుకొచ్చారు. అలా వెనక్కి వచ్చినవాళ్లలో చిన్నాన్న ఒకడు. రక్షణ ఏర్పాట్లు చేస్తామని, అవసరమైతే ఓడలో పంపిస్తామని చెప్పారట.

ఆ తరవాత మొదలైంది టికెట్టు కోసం ఎదురుచూపు. నాన్న రోజూ తెల్లవారుజామునే వెళ్లి ఓడ కంపెనీ ఆఫీసు ముందు వరసలో నిలబడేవాడు. వరస కదిలేలోపు సైరన్ మోగితే అందరూ చెల్లాచెదురయ్యేవాళ్లు. తిరిగి వచ్చేసరికి ఎవరి స్థానం వాళ్లకు దొరికేది కాదు. డబ్బున్న వ్యాపారులు, తెల్లవాళ్లు, పెద్ద ఉద్యోగుల కుటుంబాలు ముందు వెళ్లిపోయారు. డెక్ టికెట్టుకు కంపెనీ తీసుకున్న సొమ్ము కన్నా మధ్యలో ఉన్నవాళ్ల చేతిలో పెట్టిందే ఎక్కువని అమ్మ చివరిదాకా చెప్పేది. అందుకోసం ఆమె గాజులు అమ్మింది. ఊరంతా ఒకేసారి బంగారం అమ్మకానికి పెట్టడంతో కొనేవాడు చెప్పిందే ధర అయింది. కుట్టు మిషన్ ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాళ్లు లేరు. టేకు మంచం, ఇత్తడి అండాలు, అలమారా, అన్నీ అలాగే ఉంచి తాళం వేశాం. తాళం చెవిని అమ్మ కింది ఇంటి ఆవిడకు ఇచ్చింది.

సంక్రాంతి ఆ నిరీక్షణలోనే వెళ్లిపోయింది. భోగి నాడు మంట వేయడానికి లేదు, వెలుతురు కనపడకూడదు కాబట్టి. అమ్మ పిండివంటలకు బదులు అటుకులు, వేయించిన శనగలు, బెల్లం మూటలు కట్టి తలుపు పక్కన పెట్టింది. ఏ రోజు పిలుపు వస్తుందో తెలియదు, పిలుపు వచ్చాక గంటల్లో రేవులో ఉండాలి. నిండా తొమ్మిదేళ్ల పిల్లను కదా, నాకు ఆ మూటలు విప్పి బెల్లం తినాలనే ధ్యాసే ఎక్కువగా ఉండేది. మాకు ఏం జరగబోతోందో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. పెద్దవాళ్లు రాత్రిళ్లు గుసగుసలాడుకోవడం, పొద్దున్నే మామూలుగా ఉన్నట్టు నటించడం మాత్రం తెలిసేది. పిల్లలకు నిజం చెప్పి ఉంటే మేము ఇంకా తక్కువ భయపడేవాళ్లమని ఈ వయసులో కూడా నా అభిప్రాయం.

టికెట్లు జనవరి నెలాఖరుకు దొరికాయి. అమ్మకు, తమ్ముడికి, నాకు మాత్రమే. రేవు ఉద్యోగి కాబట్టి నాన్నను వదలలేదు. చిన్నాన్నకైతే అడగడానికే వీలు లేకపోయింది, ఎందుకంటే వయసులో ఉన్న భారతీయ మగవాళ్లను, అందులోనూ కూలీలను, డెక్ మీద ఎక్కించుకోవద్దని ఉత్తర్వు. అంటే రేవును నడిపించిన చేతులకే రేవులో ఓడెక్కే దారి లేకుండా పోయింది. నేను ఇది రాయడానికి ముఖ్య కారణం ఇదే. సముద్రం దారి, కొండ దారి అని ఆ రోజుల్లో మనుషులు ఎంచుకోలేదు. ఎవరిది ఏ దారో చేతిలోని కాగితం నిర్ణయించింది.

రేవులో ముందు టీకా చీటీ చూశారు. కలరా సూది వేయించుకున్న ముద్ర లేనివాళ్లను పక్కకు నెట్టేశారు. ఆ సంగతి తెలియక టికెట్టు ఉండి కూడా వెనుదిరిగిన ఒక కుటుంబం మా కళ్ల ముందే ఉంది. మనిషికి ఒక మూట మాత్రమే అన్నారు. అమ్మ తన మూటలోంచి వంటపాత్రలు తీసి అక్కడే నేల మీద పెట్టేసి, దుప్పట్లు, అటుకులు ఉంచుకుంది. రేవు గోడ వెంబడి అలా వదిలేసిన పెట్టెలు, చెంబులు, దేవుడి పటాలు, తంబూరాలు కుప్పలుగా పడి ఉన్నాయి. నాన్న నిచ్చెన దాకా రాగలిగాడు. చిన్నాన్నను గేటు దగ్గరే ఆపేశారు. ఆయన గేటు కమ్మీల్లోంచి చెయ్యి పెట్టి నాకు ఒక అణా ఇచ్చి, "విశాఖలో పకోడీలు కొనుక్కో, నేనూ వచ్చేస్తాను" అన్నాడు.

డెక్ మీద సుద్దతో గీతలు గీసి కుటుంబానికింత అని చోటు చూపించారు. మా ముగ్గురికీ దక్కిన చోటులో ఇద్దరు పడుకుంటే ఒకరు కూర్చోవాలి. మామూలు రోజుల్లో మూడు నాలుగు రోజులు పట్టే ప్రయాణం ఆ సారి జలాంతర్గాముల భయంతో చుట్టు తిరిగి వెళ్లడం వల్ల ఇంకా ఎక్కువ పట్టింది. చీకటి పడ్డాక దీపం లేదు, చుట్ట వెలిగించినా కేకలు వేసేవాళ్లు. నీళ్లు పూటకు ఒక డబ్బా లెక్కన పోశారు. ఆ డబ్బా అంచుకు తుప్పు పట్టి ఉండేది, తాగుతుంటే పెదవికి గీరుకునేది, ఆ రుచి ఇప్పటికీ నాలుక మీద ఉన్నట్టే ఉంటుంది. ఆడవాళ్లు మరుగుకు వెళ్లడానికి చీకటి పడేదాకా ఆగేవాళ్లు, అందుకోసం పగలంతా నీళ్లు తాగడం మానుకునేవాళ్లు. మా పక్కనున్న గర్భిణి అలా నీళ్లు మానేసి స్పృహ తప్పింది. అప్పుడు అమ్మ, మరో నలుగురు కలిసి చీరలు కట్టి చుట్టూ మరుగు చేసి, పగలే ఒకరి తరవాత ఒకరికి కాపలా ఉండే పద్ధతి పెట్టారు. ఆ ఓడలో ఎవరైనా చేసిన మంచి ఏర్పాటు ఏదైనా ఉందంటే అదే.

ఒక తెల్లవారుజామున యారాడ కొండ కనపడింది. డాల్ఫిన్ ముక్కు అని దాన్ని చూపించి డెక్ మీదివాళ్లంతా దండం పెట్టారు. అమ్మ పెళ్లయి రంగూన్ వెళ్లేనాటికి విశాఖలో ఓడరేవు లేదు. ఒడ్డు నుంచి మసూలా పడవల్లో అలలు దాటి వెళ్లి, నడిసముద్రంలో ఆగిన ఓడెక్కేవాళ్లు. 1933లో రేవు తెరిచారు కాబట్టి మా ఓడ నేరుగా గట్టుకు ఆనుకుంది. గట్టు మీద కొందరు పెద్దమనుషులు గంజి, మజ్జిగ పోస్తున్నారు. రోజుల తరవాత కడుపునిండా తాగిన మజ్జిగ అది.

దిగగానే ఎదురైన ఇబ్బంది ఎవరూ ముందుగా చెప్పనిది. అమ్మ నడుముకు కట్టుకుని తెచ్చిన నోట్లు ఇక్కడ చెల్లలేదు. 1937లో బర్మాను ఇండియా నుంచి విడదీశాక అక్కడి నోట్లు వేరయ్యాయి, కొన్నిటి మీదైతే బర్మాలో మాత్రమే చెల్లుతుందని అచ్చువేసి ఉండేది. రూపాయికి రూపాయి మార్చడానికి ఆఫీసులు ఉన్నాయన్నారు గాని అక్కడా వరసే. జట్కావాడు ఆ నోటు తిప్పి తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాడు. మా మేనమామ ఇల్లు పాతబస్తీలో కోటవీధి దగ్గర, అక్కడికి మూటలు నెత్తిన పెట్టుకుని నడిచాం. బజారులో కొందరు మారకానికి రూపాయికి ఇంత అని కోత పెట్టి నోట్లు తీసుకున్నారు. కలకత్తాలోనైనా, మద్రాసులోనైనా దిగినవాళ్లదీ ఇదే కథ అని తరవాత విన్నాను.

ఫిబ్రవరి, మార్చి నెలలు నా బాల్యంలో మిగిలిన మంచి రోజులు. రంగూన్‌లో నది చూశాను గాని ఇసుక తిన్నె ఎప్పుడూ చూడలేదు. సాయంత్రాలు మామయ్య పిల్లలతో తీరానికి వెళ్లి పీతల బొరియలు తవ్వేవాళ్లం. జాలర్లు వల లాగుతుంటే తాడు పట్టుకుని మేమూ లాగేవాళ్లం, ఆఖరున వాళ్లు గుప్పెడు కవ్వళ్లు ఒళ్లో పోసేవాళ్లు. అమ్మ మాత్రం ఒడ్డున కూర్చుని తూర్పు వైపే చూసేది. ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయిందని, తరవాత రంగూన్ ఖాళీ చేయమన్నారని కబుర్లు వచ్చాయి. మార్చి 8న రంగూన్ జపాను వశమైంది. నాన్న చివరి ఓడల్లో ఒకదానిలో కలకత్తా చేరి, అక్కడి నుంచి రైల్లో వాల్తేరు వచ్చి, చిత్రభాను ఉగాదికి ముందు ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. జ్వరంతో మనిషి సగమయ్యాడు. చిన్నాన్న ఏడని అమ్మ అడిగితే, ప్రోమ్ వైపు వెళ్లాడని మాత్రం అన్నాడు.

ఒంట్లో కాస్త సత్తువ రాగానే నాన్న విశాఖ రేవులోనే రోజుకూలీ లెక్కన గుమాస్తా పని కుదుర్చుకున్నాడు. ఏప్రిల్ 6, సోమవారం మధ్యాహ్నం ఆయన అక్కడే ఉన్నాడు. విమానాల మోత వినగానే వీధిలో జనం మేడలెక్కారు, పిల్లలు పరుగున బయటికి వచ్చారు. రంగూన్‌లో చూసిందే మళ్లీ కళ్ల ముందుకు వచ్చింది. అమ్మ చీర కొంగు జారిపోతున్నా పట్టించుకోకుండా వీధి మధ్యకు వెళ్లి, "దిగండి, బోర్లా పడుకోండి" అని గొంతు చించుకుని అరిచింది. పరిచయం లేనివాళ్ల పిల్లలను కూడా జబ్బ పట్టి గోడ వారకు ఈడ్చింది. మేడ మీది నుంచి ఒక పెద్దాయన ఆమెను కసురుకున్నాడు. అంతలో రేవు వైపు నుంచి నేల అదిరింది, ఆయన మెట్లు ఎలా దిగాడో తెలియదు. సాయంత్రం మళ్లీ వచ్చారు. అదే రోజు కాకినాడ మీద కూడా వేశారు. విశాఖలో పోయిన ప్రాణాలు రంగూన్ కంటే చాలా తక్కువ. కానీ ఆ మధ్యాహ్నం నుంచి దీపాలవేళ వరకు నాన్న జాడ తెలియని ఆ కొన్ని గంటలు నాకు రంగూన్ రోజులన్నిటి కన్నా బరువు. ఆయన ఒళ్లంతా దుమ్ముతో నడిచి వచ్చాడు. వ్యాగన్ పక్కన బోర్లా పడుకుని బతికానన్నాడు.

ఆ రాత్రే ఊరు కదిలింది. సముద్రం వదిలి ఎంత లోపలికి పోతే అంత క్షేమమని అందరి మాట. మా సొంతూరు కూడా ఒడ్డునే ఉంది కాబట్టి అటు పోవడానికి లేదు. మామయ్య కుటుంబంతో కలిసి గజపతినగరం వైపు బయలుదేరాం. వాల్తేరు స్టేషనులో రైలు డబ్బాలో అడుగు పెట్టే చోటు లేదు. ఎడ్లబండివాళ్లు మామూలు కిరాయికి మూడు నాలుగు రెట్లు అడిగారు. బేరమాడే సమయం కాదు కాబట్టి ఇచ్చేశాం, అదీ సింహాచలం దాకానే. అక్కడి సత్రం అరుగు మీద జాగా దొరకడానికే తెల్లవారింది. పల్లెలో గొడ్లసావిడి పక్కన ఒక గదికి అడిగిన అద్దె విని, పట్నంలో ఇంటికి కూడా ఇంత ఇవ్వలేదని మామయ్య తల పట్టుకున్నాడు. బర్మా బియ్యం రావడం ఆగిపోవడంతో బియ్యం ధర వారం వారం పెరిగింది. బడి లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయాన్నే గుంటూరుకు తరలించారు, ఇక మా చిన్న బడులను అడిగేవాళ్లెవరు? నాన్న నాకూ తమ్ముడికీ ఎక్కాలు, అమ్మ పద్యాలు చెప్పేవాళ్లు.

చిన్నాన్న మే నెలలో విశాఖ చేరాడని మాకు జూన్‌లో గాని తెలియలేదు. కోటవీధికి వెళితే ఇంటికి తాళం, పక్క ఇళ్లకూ తాళాలే. ఎవరెటు పోయారో చెప్పే మనిషి లేడు. ఆయన సొంతూరికి ఉత్తరం రాయించి, అక్కడివాళ్లు ఎవరో మామయ్య వియ్యంకులను అడిగి, అలా చేతులు మారి గజపతినగరం చిరునామా దొరికేసరికి వారాలు గడిచాయి. అలాంటి రోజుల్లో ఇల్లు వదిలేవాళ్లు తలుపు మీద బొగ్గుతోనైనా వెళ్లే ఊరు పేరు రాసి వెళ్లాలని నాన్న తరవాత ఎందరికో చెప్పాడు.

చిన్నాన్న నడక సంగతులు నాకు కొద్దికొద్దిగానే తెలిశాయి. ప్రోమ్ దగ్గర ఐరావతి నది దాటి, అరకాన్ కొండల మీదుగా సముద్రతీరంలోని టౌంగుప్‌కు నూరు మైళ్లకు పైబడిన దారి, అక్కడి నుంచి పడవలో అక్యాబ్ రేవు, ఆ పైన చిట్టగాంగ్. కొండ మీద నీళ్లు లేవు, ఉన్నచోట శవాలు. కలరాతో జనం దారి పక్కనే కూర్చుండిపోయేవాళ్లట. తనతో బయలుదేరిన జట్టులో సగం మంది టౌంగుప్ చూడలేదని ఒక్కసారే చెప్పాడు. వాళ్ల ఊళ్లు ఏవో ఆయనకు తెలుసు కాబట్టి, కాళ్ల పుండ్లు మానగానే ఒక్కొక్క ఊరికీ వెళ్లి ఆ కబురు తానే చెప్పి వచ్చాడు. ఆ పని ఎవరూ చేయమనలేదు. ఇంట్లో మాత్రం కాచని నీళ్లు ముట్టేవాడు కాదు, మా చేతుల్లో గ్లాసు చూస్తే కాచారా అని అడిగేవాడు.

మేము మరుసటి ఏడాది విశాఖకు తిరిగి వచ్చాం. నాన్న ఇక రంగూన్ పేరెత్తలేదు. యుద్ధం ముగిశాక చిన్నాన్న మళ్లీ వెళ్లాడు, రేవు పని తప్ప వేరే పని తెలియదని. అక్కడే పెళ్లి చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి, 1964లో దుకాణాలు స్వాధీనం చేసుకుని, యాభై, వంద చాట్ (బర్మా డబ్బు) నోట్లు చెల్లవన్నాక వేల కుటుంబాలతో పాటు ఆయన కుటుంబం కూడా ఓడెక్కి విశాఖకు వచ్చింది. నేను రేవుకు వెళ్లాను. అప్పటికి నాకు ఉద్యోగం ఉంది, ఈసారి ఏ నోట్లు చెల్లుతాయో, ఏ చీటీలు కావాలో ముందే ఉత్తరాల్లో రాసి పంపాను కాబట్టి గట్టు మీద ఎక్కువ సేపు నిలబడే అవసరం రాలేదు. వాళ్లకు కంచరపాలెంలోని బర్మా క్యాంపులో చోటు దొరికింది. ఆయన పిల్లలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. తండ్రి నడిచిన దారి వాళ్లకు తెలియదు కాబట్టి, ప్రోమ్ నుంచి చిట్టగాంగ్ దాకా ఆయన చెప్పిన ఊళ్ల పేర్లు, దారిలో పోయినవాళ్ల స్వగ్రామాల పేర్లు నాకు గుర్తున్నంతవరకు ఒక నోటుబుక్కులో రాసి ఈ మధ్యనే వాళ్లకు అందజేశాను.